బస్సు కబుర్లు మానేసిన కోడలు

ప్రశ్న: మేడమ్, మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా అబ్బాయి చదువుకోడానికి నెదర్లాండ్స్ వెళ్ళి, అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. నిరుడు ఇద్దరూ మా దగ్గరికి వచ్చేశారు. అమ్మాయికి రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం. ఇంట్లో కారుంది కానీ ఎక్కదు. వాళ్ళ దేశంలో అందరికీ సైకిలే అలవాటట. మొదటివారం సైకిల్ మీదే వెళ్ళింది. బీచ్ రోడ్డులో జోడుగుళ్ళపాలెం ఎత్తు దగ్గర దిగి తోసుకుంటూ వెళ్తుంటే, దారిన పోయేవాళ్ళంతా బండ్లు ఆపి "పంక్చరా అమ్మా?" అని అడిగేవాళ్ళట. మా వీధిలో అయితే "అంత ఉండి కోడలికి స్కూటీ అయినా కొనలేదు" అన్నారు. నేనే బతిమాలి మాన్పించాను. అప్పట్నుంచీ బస్సు, అది రాకపోతే షేర్ ఆటో.

రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆరోజు బస్సులో జరిగింది నటించి మరీ చెప్పేది. మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. తెలుగులో ఏ మాటైనా రెండుసార్లు అంటేనే పని జరుగుతుందని తనో సూత్రం కనిపెట్టింది. కండక్టరు "రైట్ రైట్" అంటాడు, దిగేవాళ్ళు "దిగాలి దిగాలి" అంటారు, ఆటోవాళ్ళు "మద్దిలపాలెం మద్దిలపాలెం" అంటారు కదా. అందుకని ఓరోజు కంచం ముందు కూర్చుని "అత్తయ్యా, అన్నం అన్నం" అంది. ఆ వీడియో నేనే మా చుట్టాల గ్రూపులో పెట్టాను. ఇక అందరూ తనని "అన్నం అన్నం" అనే పిలవడం మొదలుపెట్టారు. రెండు నెలల క్రితం మధురవాడలో మా ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్తే, పంక్తిలో అందరి ముందూ "ఏదీ, ఓసారి అనమ్మా" అని అడిగారు. అంది. అందరూ నవ్వారు. ఇంకోసారి అనమన్నారు. అదీ అంది.

అంతే, ఆ తర్వాత కబుర్లు మానేసింది. "ఎలా ఉందమ్మా ఈరోజు?" అంటే "బాగుంది అత్తయ్యా" అని మేడ మీదికి వెళ్ళిపోతుంది. మా అబ్బాయి బస్సులో ఎవరో ఏదో అని ఉంటారని, రేపట్నుంచి కారూ డ్రైవరూ పెడతానని అంటున్నాడు. మా ఆయన వదిలెయ్యమంటున్నారు. మొన్న తనకి జ్వరమొచ్చి రెండ్రోజులు వెళ్ళకపోతే, బస్టాపు దగ్గర పూలమ్మే ఆవిడ నన్ను ఆపి "మీ దొరసానమ్మ రాట్లేదేటమ్మా?" అని అడిగింది. బయటివాళ్ళకి కూడా తెలిసిపోయిందే అనిపించింది. కొత్త చోట ఇబ్బంది నాకు తెలియంది కాదు. 1989లో తెనాలి నుంచి కోడలిగా వచ్చినప్పుడు, మా అత్తగారు "వానొస్తంది, పెరట్లో గుంట తడిసిపోతంది సూడవే" అంటే, గొడుగు పట్టుకెళ్ళి కొబ్బరిమొక్క కోసం తవ్విన గుంట మీద పట్టుకుని నిలబడ్డదాన్ని. గుంట అంటే ఇక్కడ ఆడపిల్ల అని నాకేం తెలుసు? ఆ సంగతి వేరనుకోండి. ఇప్పుడు మా కోడల్ని బస్సు మాన్పించమంటారా?

సమాధానం:

వదినగారూ, మీ ఉత్తరం చదివాక ఇలాగే పిలవాలనిపించింది, ఏమీ అనుకోకండి. బస్సు మాన్పించకండి. బస్సు చేసిన పాపమేమీ నాకు కనిపించలేదు. జరిగిందంతా మీ భోజనాల బల్ల దగ్గరా, ఆ పంక్తిలోనూ జరిగింది.

ముందు ఒక్క మాట. మీరు రాసినదాన్ని బట్టే చెబుతున్నాను. బస్సులోనో ఆటోలోనో ఎవడైనా వెకిలివేషాలు వేశాడేమో, మీ అబ్బాయి లేనప్పుడు, తనొక్కర్తినే కూర్చోబెట్టుకుని నేరుగా అడగండి. అదే గనక నిజమైతే నేను చెప్పేదంతా పక్కన పెట్టి 112 నంబరూ, పోలీసుల దారీ చూడాలి. కానీ అలాంటిది జరిగితే మనిషి ముందు బస్సు మానేస్తుంది. మీ కోడలు బస్సు మానలేదు, మీకు చెప్పడం మానేసింది.

నాకీ బాధ కొంత తెలుసు. 2006 నుంచి ఆరేళ్ళు టోక్యోలో ఉన్నాం. నిషికసాయ్ అనే పేట. అక్కడ మనదేశం వాళ్ళు ఎక్కువ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళూ తగిలేవాళ్ళు. నాకు ఓతెమాచిలో ఒక చిన్న ఆఫీసులో లెక్కల పని. రోజూ మెట్రో రైల్లో, తోజాయ్ లైన్‌లో వెళ్ళి రావాలి. పొద్దున పూట ఆ దేశంలోనే ఎక్కువ రద్దీ ఉండే లైన్లలో అప్పట్లో అదొకటి. 2019 లెక్కల్లో రద్దీ 199 శాతమని రాశారు, అంటే పెట్టె పట్టాల్సిన మనుషులకి రెట్టింపు. నిలబడ్డానికి మన కాళ్ళ అవసరం ఉండదు, చుట్టుపక్కల వాళ్ళే నిలబెడతారు. అంతమందిలో ఒక్కరు మాట్లాడరు. ఫోన్ మోగదు. మన షేర్ ఆటోలో ఆరుగురు చేసే చప్పుడు అక్కడ మూడొందల మంది కలిసినా చెయ్యరు.

ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కాస్త ఖాళీగా ఉండేది. అప్పుడు ఇంకో తమాషా. సీట్లన్నీ నిండిపోయి, కొందరు నిలబడి కూడా ఉంటారు, నా పక్క సీటు మాత్రం ఖాళీ. మొదట్లో మర్యాద అనుకున్నాను. తర్వాత నూనె వాసన వస్తున్నానేమోనని చీర కొంగు వాసన చూసుకున్నాను. అక్కడున్న విదేశీయులందరికీ ఆ ఖాళీ సీటు సంగతి తెలుసని తర్వాత తెలిసింది. చెడ్డతనమేమీ కాదు, పలకరిస్తే జపనీస్‌లో తప్పు దొర్లుతుందేమోనని నాకున్నట్టే, ఇంగ్లీషులో మాట్లాడాల్సొస్తుందేమోనని వాళ్ళకీ భయం. అయినా ఆ సీటు వైపు చూస్తూ అరగంట కూర్చోవడం బాగుండేది కాదు. వైజాగ్ తిరిగొచ్చిన వారానికి, ఇసుకతోట దగ్గర షేర్ ఆటోలో ఒకావిడ చేపల గంపతో సహా నా మీదికి ఒరిగి "జరగమ్మా, నలుగురం కూకోవాల" అంటే, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సరే, అసలు కథకి వస్తాను. తోజాయ్ లైన్‌లో అన్నిచోట్లా ఆగే రైలు వేరు, త్వరగా వెళ్ళే రైలు వేరు. త్వరగా వెళ్ళేది తోయోచో దాటాక మూడు స్టేషన్లు వదిలేసి ఉరయాసులో ఆగుతుంది. ఆ వదిలేసే మూడింట్లో మా నిషికసాయ్ ఒకటి. కొత్తలో ఓ సాయంత్రం చూసుకోకుండా అది ఎక్కాను. మా పేట దగ్గర పట్టాలు వంతెన మీద వెళ్తాయి, ఇళ్ళన్నీ కనిపిస్తాయి. మా స్టేషన్ వస్తోందని లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. రైలు ఆగలేదు. అద్దంలోంచి మా అపార్ట్‌మెంట్ వచ్చింది, మా బాల్కనీ వచ్చింది, పొద్దున నేను ఆరేసిన వంగపండు రంగు వెంకటగిరి చీర గాలికి ఊగుతూ వచ్చింది, వెళ్ళిపోయింది. నా చీర నాకు టాటా చెప్పినట్టే ఉంది. నేను ఉరయాసులో దిగాను. అది టోక్యో కాదు, చిబా, ఇంకో రాష్ట్రం కింద లెక్క.

మర్నాడు ఆఫీసులో నాకొచ్చిన అరకొర జపనీస్‌లో, చీర ఊగడం చేత్తో చూపిస్తూ చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. ఆ దేశంలో నా మాటకి పదిమంది నవ్వడం అదే మొదలు, గాలిలో తేలిపోయాను. టోక్యో డిస్నీల్యాండ్ ఉన్నది ఉరయాసులోనే లెండి, "అక్కడికి వెళ్ళబోయారా?" అని ఒకాయన. బాగానే ఉంది. కానీ ఆ వారం నుంచీ మా ఆఫీసు పెద్దాయన నన్ను "ఉరయాసు-సాన్" అనడం మొదలుపెట్టాడు, అంటే ఉరయాసు గారూ అని. ఎవరు కొత్తగా వచ్చినా నన్ను పిలిచి, చీర ఎలా ఊగిందో చూపించమనేవాడు. మూడోసారి వరకూ నేనూ నవ్వాను. ఆరోసారికి చెయ్యి లేవలేదు.

పరాయి చోట రోజుకి ఒకసారైనా వెర్రివాళ్ళం అవుతాం, తప్పదు. సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని మన నోటితో మనం కథ చేసి చెప్పుకుంటే, వెర్రిమొహం పొద్దుటి మనిషిదవుతుంది, చెప్పే మనిషి తెలివైనదవుతుంది. నేను మా అమ్మకి ఫోన్‌లో అలాగే చెప్పేదాన్ని. అక్కడ రైలు ఐదు నిమిషాలు ఆలస్యమైనా, ఆఫీసులో చూపించుకోడానికి స్టేషన్లో చీటీ ఇస్తారు. అదేదో ప్రకటన కాగితమనుకుని "వద్దు వద్దు" అని ఆరు నెలలు తీసుకోలేదు నేను. ఈ సంగతి చెబితే మా అమ్మ నవ్వి నవ్వి, "ఆ చీటీ ఒకటి తేవే, మన స్టేషన్ మాస్టారుకి చూపిద్దాం" అంది. ఆ నవ్వు నా ఖాతాలో పడేది. మా పెద్దాయన పిలిచి చేయించిన నవ్వు నా ఖాతాలో పడలేదు.

మీ కోడలి రెండుమాటల సూత్రం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మెల్లమెల్లగా, తొందరతొందరగా, ఆపాపు అంటూ పుట్టినప్పట్నుంచీ అంటున్నాం, ఎన్నడైనా ఆలోచించామా? అది తెలియక పలికిన ముద్దుమాట కాదు. విని, గమనించి, పట్టుకుని, దాంతో అన్నం దగ్గర చమత్కారం చేసింది. "దయచేసి నన్ను దిగనివ్వండి" అంటే ఒక్కరూ కదలని బస్సులో "దిగాలి దిగాలి" అని దారి చేసుకోవడం నేర్చుకున్న మనిషి ఆవిడ. చేసినప్పుడు అది ఆవిడ జోకు. పంక్తిలో "ఏదీ అనమ్మా" అని అడిగాక ఆవిడే జోకైపోయింది. పైగా రెండోసారి కూడా అంది చూశారా, పెద్దవాళ్ళు అడిగారని. ఆ రెండోసారి దగ్గరే నా ప్రాణం ఉసూరుమంది.

ఇంకోటి. జపాన్‌లో కుదరదన్న మాట నోటితో అనరు. "చొట్టో..." అని సాగదీసి ఊరుకుంటారు. కొంచెం... అని అర్థం. ఏం కొంచెమో చెప్పరు. మనం "చూద్దాంలెండి" అన్నట్టే. అది "కాదు" అని అర్థం చేసుకోడానికి నాకు ఏడాది పట్టింది. మీ కోడలి "బాగుంది అత్తయ్యా" కూడా ఆ కోవలోదే. డచ్చివాళ్ళు మొహమాటం లేకుండా ఉన్నదున్నట్టు అనేస్తారని పేరు. అలాంటి దేశం పిల్ల, మనసులో ఒకటి పెట్టుకుని బాగుందని మేడెక్కేస్తోందంటే, తెలుగు బాగానే ముదిరింది. మీ దగ్గరే నేర్చుకుని ఉంటుంది, కోప్పడకండి.

ఇక కారు. మీ అబ్బాయి ప్రేమ కొద్దీ అంటున్నాడు, కాదనను. అయితే పూలావిడ అన్న మాటని మీరు తిరగేసి చదివారు. "రాట్లేదేటమ్మా" అంటే బయటివాళ్ళకి గుట్టు తెలిసిపోవడం కాదు. వెళ్ళకపోతే వెలితిగా కనిపించే చోటు మీ కోడలికి ఒకటి ఏర్పడింది. ఊరంతటికీ ఆవిడ తెల్లమ్మాయి, దొరసాని, సెల్ఫీ అడగాల్సిన మనిషి. ఆ ఒక్క బస్టాపులో, ఆ ఒక్క టైముకి మాత్రం ఫలానా సీటు దగ్గర నిలబడే అమ్మాయి. రోజూ అదే దారి, అదే వేళ, అవే మొహాలు ఉంటే పరాయితనం తెలియకుండానే అరుగుతుంది. నిషికసాయ్ స్టేషన్లో ఒక ముసలాయన మూడేళ్ళు నా పక్కన ఒకే గీత మీద నిలబడి రైలెక్కాడు. ఒక్క మాట అనలేదు. నేను మూడు వారాలు ఇండియా వచ్చి వెళ్ళాక మొదటిరోజు, నన్ను చూసి తల కొంచెం వంచాడు. వైజాగ్‌లో దానికి మూడేళ్ళు పట్టలేదు, పూలావిడ నోరు విప్పి అడిగేసింది. ఏసీ కారులో అద్దాలెత్తి పంపిస్తే ఆ చోటు పోతుంది. బస్సు బాగా లేటైన రోజు, వాన కురిసిన రోజు కారు ఉండనే ఉంది.

ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక మన సిటీ బస్సుల్లో జరుగుతున్నది చూడండి ఓసారి. ఆడవాళ్ళంతా ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటారు. ఆమధ్య నేనెక్కిన బస్సులో ఒక విదేశీ అమ్మాయి పాస్‌పోర్టు తీసింది. కండక్టరు పాపం బుర్ర గోక్కున్నాడు. "దేశం కాని దేశం నుంచొచ్చింది, ఆయమ్మకి టికెట్టేటి బాబూ!" అని వెనక సీటావిడ. "పాస్‌పోర్టు కంటే పెద్ద కార్డేటుంటది?" అని ఇంకొకావిడ. మధ్యలో ఆ పిల్ల డబ్బులు చేత్తో పట్టుకుని "పర్లేదు, పర్లేదు" అంటోంది, రెండుసార్లే! ఎవరూ వినరు. చివరికి డబ్బులిచ్చే టికెట్ తీసుకుంది, మిగతా దారంతా బస్సు ఆ పిల్ల తరఫున అలిగింది. ఆ పిల్ల మీ కోడలేమో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆరోజు ఇంట్లో చెప్పుకోడానికి దానికంటే మంచి కథ ఉంటుందా? వినేవాళ్ళు లేక మేడ మీదే ఉండిపోతున్న కథలు ఇలాంటివి.

ఏం చెయ్యాలో అడిగారు. కూర్చోబెట్టి పెద్ద క్షమాపణ మాత్రం చెప్పకండి. అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చివరికి ఆ పిల్లే మిమ్మల్ని ఓదార్చాల్సొస్తుంది. గ్రూపులోంచి ఆ వీడియో తీసెయ్యండి, రెండు నెలలు దాటింది కాబట్టి అందరి ఫోన్లలోంచీ పోకపోవచ్చు, అందుకని "ఆ పేరుతో ఇక పిలవకండి" అని మీరే ఒక ముక్క రాయండి. ఆడపడుచుగారు మళ్ళీ అడిగితే "అది తన జోకు, తనకి వేయాలనిపిస్తే వేస్తుంది వదినా" అనండి. ఆవిడ మూతి ముడిస్తే ముడవనివ్వండి. రోజూ "ఎలా ఉందమ్మా?" అని అడగడం కూడా కొన్నాళ్ళు ఆపండి. కథ చెప్పమని అడుగుతున్నట్టే ఉంటుందది.

నా ఉరయాసు బాధ ఎలా తీరిందో చెప్పి ముగిస్తాను. డిసెంబరులో ఆఫీసువాళ్ళంతా కలిసి సంవత్సరాంతపు విందు చేసుకుంటారక్కడ. అందులో కూడా మా పెద్దాయన "మన ఉరయాసు-సాన్..." అని ఎత్తుకున్నాడు. నా ఎదురుగా ఓ పెద్దావిడ ఉండేది, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, ఎక్కువ మాట్లాడేది కాదు. ఉత్తరాన అవొమోరి నుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు పనికోసం టోక్యో వచ్చిందట. ఆవిడ గ్లాసు కింద పెట్టి, "నేనొచ్చిన మొదటివారం యమనోతె లైన్ ఎక్కి నిద్రపోయాను, మూడు చుట్లు తిరిగాను, మరి నన్నేమని పిలుస్తారు?" అంది. అది ఊరి చుట్టూ గుండ్రంగా తిరిగే రైలు, ఒక్కో చుట్టుకి గంట. బల్లంతా గొల్లుమంది. నా పక్కనున్న కుర్రాడు తన కథ అందుకున్నాడు. ఆఖరికి పెద్దాయన కూడా బయటపడ్డాడు. ఆయనది ఒసాకా. అక్కడ ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడతారు, టోక్యోలో ఎడమవైపు. వచ్చిన కొత్తలో నెలరోజులు జనానికి అడ్డంగా నిలబడి, వెనకాల వాళ్ళు ఎందుకు దగ్గుతున్నారో, ఊళ్ళో అందరికీ జలుబేమోనని అనుకున్నాడట. ఆ రాత్రి తర్వాత నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు కూడా.

మీ దగ్గర ఎంత మంచి కథ ఉందో చూడండి. "ఆ సంగతి వేరనుకోండి" అని దాన్ని ఒక మూలకి తోసేశారు. వేరేమీ కాదు. తెనాలి నుంచి విశాఖ రావడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, అంతే తేడా. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి, ఇప్పుడు అత్తగారై కూర్చున్న మనిషి కూడా ఒకప్పుడు గొయ్యికి గొడుగు పట్టిందని మీ కోడలికి తెలిసినట్టు లేదు. ఈ ఆదివారం పెసరట్లు వేసేటప్పుడు, ఎవరూ అడక్కుండానే, మీరే ఎత్తుకోండి. మీ అత్తగారి మాట అచ్చం ఆవిడ యాసలోనే అనండి, లేకపోతే గుంట ఎందుకు తడిసిందో ఆ పిల్లకి అర్థం కాదు. గొడుగు దగ్గరికి వచ్చేసరికి అట్లకాడ పైకెత్తి లేచి నిలబడండి. అసలు గుంట అటు ఎక్కడ తడుస్తూ నిలబడిందో నాకు రాయలేదు, అదీ చెప్పండి. మీ ఆయన్ని మాత్రం మధ్యలో అందుకోనివ్వకండి.